వద్దనడం తెలియని జట్టు

కొలరాడో వెళ్ళొచ్చానని తెలిసి మిషిగన్‌లోని ట్రాయ్‌లో మావాళ్ళంతా కొండల ఫొటోలు చూపించమంటున్నారు. నా కెమెరాలో కొండలు లేవు. రీలంతా అన్నం తింటున్న కుర్రాళ్ళే. ఇలాంటి యాత్రికుడి మాటలు ఎందుకు వినాలని మీరు అడగొచ్చు. మీలో చాలామంది నయాగరా చూశారు, గ్రాండ్ కాన్యన్ చూశారు. కానీ ప్రపంచ పోటీలకి తయారవుతున్న ఒక దేశపు ఫుట్‌బాల్ జట్టుని ఒక్క పూట భోజనంతో కూలదోసినవాడు మన తెలుగువాళ్ళలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ అనుభవం నాతోనే పోకూడదని రాస్తున్నాను.

అది ఏ దేశమో మాత్రం చెప్పను. పశ్చిమ ఆఫ్రికాలోది. అమెరికా రాకముందు నాలుగేళ్ళు అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్పాను. దేశం పేరు రాస్తే, ఈ కథలో నిద్రపోయే పెద్దమనిషి ఎవరో అక్కడివాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఆయన నా పులిహోర మెచ్చుకున్న మనిషి. నా పులిహోర మెచ్చుకున్నవాళ్ళు తక్కువ కనక ఆయన్ని కాపాడుకోవాలి.

ట్రాయ్

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. "సార్, నేను శామ్యూల్‌ని. చివరి బెంచీ శామ్యూల్‌ని" అంది అవతలి గొంతు. లెక్కల పరీక్ష రోజు తప్పకుండా జ్వరం తెచ్చుకుని, సాయంత్రం మైదానంలో మాత్రం గుర్రంలా పరుగెత్తే శామ్యూల్. ఇప్పుడు ఆ దేశపు కుర్రాళ్ళ జట్టుకి కోచ్ అట. ఇరవయ్యేళ్ళ లోపు వాళ్ళకి మెక్సికోలో ప్రపంచ పోటీలు. మెక్సికో ఎత్తు మీద ఉంటుంది, అక్కడ గాలి పలచన, అందుకని ముందే అలవాటుపడటానికి కొలరాడో కొండల్లో ఒక చిన్న కాలేజీలో దిగారట. ఎలా ఉన్నారని అడిగాను.

"పరుగులు బాగున్నాయి సార్. తిండే బాగాలేదు. ఉడకబెట్టిన బంగాళాదుంప, చల్లటి రొట్టె, పాలు. కారం అన్నమాటే లేదు. పిల్లలు చిక్కిపోతున్నారు."

"నేనున్నాను కదా!" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. గొప్పలకి పోవడానికి నాకు కారణం అక్కర్లేదు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే మా ఆవిడ సరళ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"వంటకి వెళ్తున్నారా?"

"అవును. మన వంట, వాళ్ళ వంట ఇంచుమించు ఒకటే. నాలుగేళ్ళు తిన్నాను."

"తినడం నాకు తెలుసండీ. వండటం ఎప్పుడు నేర్చుకున్నారని అడుగుతున్నాను."

ఆమెకి హాస్పిటల్లో సెలవు దొరకలేదు. దొరికి ఉంటే ఈ కథనం ఉండేది కాదు. నేను సూట్‌కేసు సర్దుకుంటుంటే ఆమె మా ప్రెషర్ కుక్కరు, పక్కింటి శారదగారి కుక్కరు తెచ్చి కారు ట్రంకులో పెట్టింది. ఎత్తు మీద పప్పు ఉడకదట, ఎక్కడో చదివిందట.

"నేను మెకానికల్ ఇంజనీర్ని. నీళ్ళు ఎప్పుడు మరుగుతాయో నాకు చెబుతున్నావా?" అన్నాను.

"చెప్పడం లేదు. ట్రంకులో పెడుతున్నాను" అంది.

అరోరా

మొదటి రోజు షికాగో దాటి అరోరాలో ఆగాను. టోల్‌గేట్ల దగ్గర చిల్లర విసిరే బుట్టలోకి నా నాణేలు ఒక్కసారీ సరిగ్గా పడలేదు. ప్రతిచోటా కారు దిగి ఏరుకుంటుంటే వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఫుట్‌బాల్ జట్టుకి సాయం వెళ్తున్నవాడి గురి అలా ఉంది.

అరోరాలో నా స్నేహితుడు నర్సింగరావు ఉన్నాడు. వరంగల్ మనిషి, మత్తు డాక్టరు. సంగతి చెప్పగానే అప్పటికప్పుడు బయల్దేరతానన్నాడు.

"నువ్వొక్కనివి వండుతవా అన్నా? గా పోరగాండ్లు మెక్సికో పోవాల్నా, హాస్పిటల్‌కి పోవాల్నా? నాకు వెకేషన్ ఉన్నది, నేనొస్త" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. అతనికీ వంట రాదని నెబ్రాస్కాలో తెలిసింది.

ఆ రాత్రి అతని భార్య పద్మగారు గారెలు చేశారు. రెండు తిన్నాక వద్దన్నాను. వేశారు. నిజంగానే వద్దన్నాను. ఇంకోటి వేశారు. మన మర్యాద అంతే కదా. అతిథి వద్దంటూ ఉండాలి, వడ్డించేవాళ్ళు వేస్తూ ఉండాలి, నిజంగా చాలనుకున్నవాడు కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కాస్త ఒంగాలి.

అప్పుడే వాళ్ళకి నా పాత కథ ఒకటి చెప్పాను. ఆ దేశంలో దిగిన కొత్తలో మా హెడ్‌మాస్టరుగారు భోజనానికి పిలిచారు. ఎర్రటి అన్నం, ఘాటైన కోడికూర. నోరూరిపోతోంది. ఇంకొంచెం వేయమంటారా అని ఆయన భార్య అడిగితే, అలవాటు చొప్పున "వద్దండీ" అన్నాను. ఆవిడ చక్కగా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. సాటివాళ్ళు వద్దంటే అక్కడ వద్దనే. ఇంటికెళ్ళి బిస్కట్లు తిని పడుకున్నాను.

"పిల్లలకి మాత్రం అక్కడ ఆ స్వతంత్రం లేదు. పెద్దవాళ్ళు పెడితే వద్దనకూడదు, పళ్ళెంలో మిగల్చకూడదు. మాస్టారు పెడితే మరీను" అని కూడా నేనే చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

పొద్దున్నే పద్మగారు ఒక డబ్బా నిండా లడ్డూలు, పెరట్లో పెంచిన గోంగూరతో పట్టిన పచ్చడి జాడీ ఇచ్చారు.

నెబ్రాస్కా పొడుగునా

నెబ్రాస్కా గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు తిన్నగా ఉంటుంది. మొక్కజొన్న ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. స్టీరింగు కట్టేసి పడుకోవచ్చనిపిస్తుంది, నర్సింగ్ డ్రైవ్ చేస్తున్నప్పుడు అతను అదే చేస్తున్నాడేమోనని నేను పడుకోలేదు. మోటెల్ పద్దెనిమిది డాలర్లు, టీవీ బొమ్మ తిరిగిపోతూ ఉంటుంది. ఆ డబ్బుకి మా ఊళ్ళో లాడ్జి మొత్తం ఇస్తారని నర్సింగ్ బాధపడ్డాడు.

పొద్దున కాఫీ తాగిన చోట ఒక రైతు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ వెనక్కి నెట్టి, ఎక్కడికని అడిగాడు.

"కొలరాడో. ఒక ఆఫ్రికా జట్టుకి వంట చేయడానికి."

"మీరు ఆఫ్రికా వాళ్ళా?"

"కాదు, ఇండియా. ఉండేది మిషిగన్లో."

"వాళ్ళు కొలరాడోలో ఆడుతున్నారా?"

"లేదు, మెక్సికోలో ఆడతారు."

ఆయన చాలాసేపు తన కాఫీలోకి చూశాడు. "మరి మీరు వంటవాళ్ళా?"

"నేను కార్లకి బ్రేకులు డిజైన్ చేస్తాను. ఈయన మత్తుమందు ఇస్తాడు."

ఆయన వెళ్తూ వెళ్తూ మా కాఫీలకి కూడా డబ్బులిచ్చేశాడు. జాలిపడ్డాడని నర్సింగ్ అంటాడు. మర్యాద అని నేనంటాను.

కొండ ఊరు

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఊరు చేరాం. పేరుకి కాలేజీ, నాలుగు ఇటుక భవనాలు, వెనక మంచు ఇంకా కరగని కొండలు. కారు దిగి సూట్‌కేసు ఎత్తి పది అడుగులు వేశాను. ఊపిరి అందలేదు. తల పగిలిపోతోంది. గడ్డి మీద కూలబడ్డాను. అంతలో కొండ మీదినుంచి కుర్రాళ్ళు వరసగా పరుగెత్తుకుంటూ దిగారు, ఒక్కడికీ ఆయాసం లేదు. వాళ్ళని బతికించడానికి వచ్చినవాణ్ణి వాళ్ళే చెరో చెయ్యీ పట్టుకుని లేపి, మంచినీళ్ళు తాగించారు.

శామ్యూల్ వచ్చాడు. మనిషి తాటిచెట్టంత ఎదిగాడు, ఈల మెడలో వేలాడుతోంది. కుర్రాళ్ళందరి ముందూ రెండు మోకాళ్ళూ వంచి, తల దించి, "సార్" అన్నాడు. మా దగ్గర ఆఫీసులో కుర్ర ఇంజనీర్లు నన్ను పేరు పెట్టి పిలిచి భుజం మీద చరుస్తారు. చాలా ఏళ్ళకి ఎవరో నాకు నమస్కారంలాంటిది పెట్టేసరికి తలనొప్పి సగం తగ్గింది.

"ఈయన మా మాస్టారు. నాకు తండ్రిలాంటివారు" అని జట్టుకి చెప్పాడు. గోల్‌కీపర్ జోసెఫ్ అనే బండలాంటి కుర్రాడు వెంటనే నా బూట్ల లేసు ఊడిందని ఒంగి కట్టేశాడు. శామ్యూల్‌కి తండ్రినైతే వీళ్ళకి తాతనని నాకప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం మైదానం గట్టు మీద కూర్చున్నాక శామ్యూల్ అసలు సంగతి చెప్పాడు. ఆదివారం కాలేజీ జట్టుతో మ్యాచ్. అది చూడటానికి వాళ్ళ దేశం నుంచి చీఫ్ అనే పెద్దాయన వస్తున్నాడు. జట్టు సంగతులన్నీ తేల్చేది ఆయనే. యూరప్ నుంచి ఒక తెల్లకోచ్‌ని ఇప్పటికే మాట్లాడి పెట్టారట.

"ఆట నచ్చకపోతే నేను ఇక్కణ్ణుంచే ఇంటికి వెళ్ళిపోవాలి సార్. వీళ్ళు అతనితో మెక్సికో వెళ్తారు" అన్నాడు. కుర్రాళ్ళ వైపు చూపించి, "వీళ్ళని నేనే ఏరుకొచ్చాను. జోసెఫ్ రేవులో బస్తాలు మోసేవాడు. విసిరిన బస్తా ఒక్కటి కూడా కింద పడనిచ్చేవాడు కాదు. అది చూసి తీసుకొచ్చాను."

అతను ఏడవలేదు. నా దగ్గర సున్నాలు తెచ్చుకున్న కుర్రాడు ఇంత దూరం వచ్చాడు. ఏదో ఒకటి చేయాలనిపించింది. అలా అనిపించకుండా ఉంటే అందరికీ మంచిదయ్యేది.

"రేపు మధ్యాహ్నం కడుపునిండా పెడతాను. ఎల్లుండి మ్యాచ్‌లో చూడు" అన్నాను.

వంటిల్లు

కాలేజీ వంటింటికి డొరొతీ అని ఒకావిడ పెద్ద. అరవై ఏళ్ళుంటాయి, చేతులు నా తొడలంత ఉన్నాయి. శనివారం ఆవిడ నా మొహం చూసి ఇంతింత గంగాళాలు ఇచ్చింది. ఆ గంగాళాలు చూడగానే నాకు పెళ్ళి వంటవాళ్ళు గుర్తొచ్చి పూనకం వచ్చింది. మన ఇంటి కుక్కర్లు ఈ సంతకి ఏం సరిపోతాయని వాటిని ట్రంకులోనే వదిలేశాను.

కందిపప్పు ఎసట్లో పోశాను. నీళ్ళు తొందరగానే మరిగాయి. సంతోషించాను. గంట మరిగాయి. పప్పు బద్ద తీసి నొక్కితే గోలీలా జారిపోయింది. ఇంకో గంట. నర్సింగ్ గరిటె పెట్టి కలుపుతుంటే గులకరాళ్ళ చప్పుడు వచ్చింది. అన్నం పైన మెత్తగా, నడుమ బిరుసుగా తయారైంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని, ఎంత మరిగినా ఆ వేడి పప్పుకి చాలదని నేను కాలేజీలో చదివాను. ఆ పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

"అన్నా, వదినె కుక్కర్లు పెట్టింది గదా. అవి దీస్కరా కార్లకెల్లి" అన్నాడు నర్సింగ్.

అప్పటికి మధ్యాహ్నం దాటిపోయింది. కుర్రాళ్ళు మళ్ళీ రొట్టె, బంగాళాదుంప తిన్నారు. నా వైపు చూసి పాపం, నవ్వారు కూడా. నేను శామ్యూల్ దగ్గరికి వెళ్ళి, రేపు పెందలాడే పెడతానన్నాను.

"రేపు మూడింటికి మ్యాచ్ సార్" అన్నాడు.

"పదకొండింటికల్లా పెట్టేస్తాను. తేలిగ్గా."

"తేలిగ్గా సార్?"

"చాలా తేలిగ్గా."

అతను తల దించుకుని సరే అన్నాడు.

ఆదివారం భోజనం

తెల్లారగానే రెండు కుక్కర్లూ ఎక్కించాం. మొదటి విజిల్‌కి డొరొతీ చేతిలో ట్రే వదిలేసింది. రెండో విజిల్‌కి నన్ను బయటికి లాగింది. మూడో విజిల్ అయ్యాక దించుతామని చెబితే, లెక్కపెట్టి మరీ ప్రతిసారీ చెవులు మూసుకుంది. చిన్న కుక్కర్లు కావడంతో దింపడం, ఎక్కించడం, మళ్ళీ దింపడం. పదకొండన్నది పన్నెండున్నర అయింది. పప్పు, కోడికూర, పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి, లడ్డూలు. తేలిగ్గా అంటే నాకు తెలిసినది ఇదే.

అప్పుడే చీఫ్ వచ్చారు. ముందు రాత్రే దిగారట. ఆకాశం రంగు పొడుగాటి అంగీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో వెండి పిడి కర్ర. బల్ల మొదట్లో కూర్చోబెట్టాం. కుర్రాళ్ళు మాట్లాడకుండా వరసగా కూర్చున్నారు.

గోంగూర దగ్గర ఒక వింత జరిగింది. జోసెఫ్ వేలితో కొంచెం నాకి, ఆగిపోయాడు. మళ్ళీ నాకాడు. "ఇది మా అమ్మ వండే ఆకు" అన్నాడు మెల్లగా. అతని పక్కవాడు తీసుకున్నాడు, ఆ పక్కవాడు తీసుకున్నాడు. అవునన్నారు. వాళ్ళ ఉత్తరాది పల్లెల్లో పులుసులో వేస్తారట. నాలుగేళ్ళు అక్కడుండి నాకా సంగతి తెలియదు. జోసెఫ్ కళ్ళు తుడుచుకుని, కారం అన్నాడు. నేనూ కారమే అన్నాను.

అక్కణ్ణుంచి మా చేతులు ఆగలేదు. నేను అన్నం గిన్నె, నర్సింగ్ కూర గిన్నె పట్టుకుని భోజనాల బంతి పొడుగునా తిరిగాం. జోసెఫ్‌కి వేశాను. వద్దనలేదు. పక్కవాడికి వేశాను. వద్దనలేదు. రెండోసారి వెళ్తే పళ్ళేలు కడిగినట్టున్నాయి.

"అన్నా, పోరలు ఎంత ఆకలి మీదున్నరు సూడు. ఒక్కడన్న వద్దంటలేడు" అన్నాడు నర్సింగ్, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని.

నిజమే. మన లెక్క ప్రకారం వద్దననివాడు ఇంకా ఆకలి మీద ఉన్నట్టే. వాళ్ళ లెక్క ప్రకారం కోచ్‌గారి మాస్టారు వేసింది తినాల్సిందే. వాళ్ళు తింటున్నారు కాబట్టి మేం వేశాం. మేం వేస్తున్నాం కాబట్టి వాళ్ళు తిన్నారు. ఇది ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. చివరికి గిన్నెలు ఖాళీ కావడంతో ఆగింది.

శామ్యూల్ రెండుసార్లు లేచాడు. "సార్..." అన్నాడు. "నువ్వూ వేసుకో!" అని అతని పళ్ళెంలో పులిహోర పోశాను. అతను కూర్చుని తిన్నాడు. చీఫ్ మాత్రం ఎవరి బలవంతమూ లేకుండా, పులిహోర మూడుసార్లు అడిగి వేయించుకున్నారు.

మైదానం

మూడింటికి ఈల ఊదారు. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది తక్కువ. కానీ పెళ్ళి భోజనం చేసినవాడి నడక ఎలా ఉంటుందో తెలుసు. మైదానం నిండా అదే నడక. అవతలి అమెరికన్ కుర్రాళ్ళు లేళ్ళలా తిరుగుతున్నారు. మావాళ్ళు బంతి దగ్గరికి వచ్చేసరికి బంతి వెళ్ళిపోతోంది. ఒకడు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి త్రేన్చాడు, గట్టు మీదికి వినబడింది. మొదటి గోల్ జోసెఫ్ పక్కనుంచే వెళ్ళింది. రేవులో ఒక్క బస్తా పడనివ్వని కుర్రాడు, ఒంగబోయి, మధ్యలో ఆగి, పొట్ట పట్టుకున్నాడు. తర్వాత రెండోది పడింది.

నేను అరచేతులు నలుపుకుంటూ చీఫ్ వైపు చూశాను. గొడుగు కింద పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. గడ్డం కర్ర మీద ఆనించి ఉంది. నల్లద్దాలు మైదానం వైపే ఉన్నాయి. మాట లేదు, కదలిక లేదు. ఇంత కోపంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఒక మనిషి బతుకుని నా గరిటెతో కూలదోశానని అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. శామ్యూల్ తెల్లకోచ్‌కి జట్టుని అప్పగించి, ఒక్కడే విమానం ఎక్కడం కళ్ళకి కట్టింది. గట్టు మీదే ఏడుపొచ్చింది.

నర్సింగ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. అతను చీఫ్ ఛాతీ వైపు కన్నార్పకుండా చూస్తున్నాడు.

"అన్నా, గాయన కోపంల లేడు. నిద్రవోయిండు."

"నీకెలా తెలుసు?"

"నాకు తెల్వక ఎవలకు తెలుస్తది? రోజూ నేను జేసే పనే గది. మంచిగ పోయిండు. ఇంకో అర్ధగంట లేవడు."

సగం ఆట అయ్యింది. కుర్రాళ్ళు గట్టు కింద గుండ్రంగా కూలబడ్డారు. నేను దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లక దూరంగా నిలబడ్డాను.

"కోచ్, కడుపు..." అన్నాడొకడు.

"కడుపు సంగతి నాకు తెలుసు. నేనూ తిన్నాను" అన్నాడు శామ్యూల్. గొంతు పెంచలేదు. "ఇక మీరు పరుగెత్తకండి. బంతిని పరుగెత్తించండి. దగ్గర దగ్గరగా నిలబడండి. కాళ్ళ దగ్గరికే ఇవ్వండి. వాళ్ళని తిరగనివ్వండి."

నా దగ్గర కూడికలు రాని కుర్రాడు గడ్డి మీద వేలితో గీతలు గీస్తూ ఎవరు ఎక్కడ నిలబడాలో చెబుతుంటే, అందరి కళ్ళూ ఆ వేలి మీదే ఉన్నాయి. మా క్లాసులో నా వేలి వైపు ఎవరూ అలా చూడలేదు.

రెండో సగం వేరే ఆట. మావాళ్ళు దాదాపు నడుస్తూనే ఆడారు. బంతి మాత్రం వాళ్ళ మధ్య పిచ్చిగా తిరిగింది. అమెరికన్ కుర్రాళ్ళు దాని వెనకాల తిరిగి తిరిగి అలసిపోయారు. తిన్నది కూడా అరుగుతున్నట్టుంది, నెమ్మదిగా కాళ్ళు లేచాయి. మొదటి గోల్ కొట్టగానే గట్టు మీది విద్యార్థులు చప్పట్లు కొట్టబోతే నర్సింగ్ హాస్పిటల్ వార్డులోలాగ నోటి మీద వేలు పెట్టుకుని అందర్నీ ఊరుకోబెట్టాడు. వాళ్ళు అది మా దేశపు ఆచారమనుకున్నారేమో, గౌరవంగా మౌనం పాటించారు.

రెండో గోల్‌కి మాత్రం ఎవర్నీ ఆపలేకపోయాడు. నేనే అరిచాను. చీఫ్ కర్ర కిందపడింది. ఆయన లేచి నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఆఖరి దాకా నిలబడే చూశారు. చివరి నిమిషాల్లో అవతలివాళ్ళు కొట్టిన బంతిని జోసెఫ్ గాల్లోకి ఎగిరి, బస్తా పట్టినట్టు రెండు చేతులా గుండెకి అదుముకుని పడ్డాడు. రెండు, రెండు. ఎవరూ గెలవలేదు.

చీఫ్ కళ్ళద్దాలు తీసి శామ్యూల్‌ని పిలిచారు. నేనూ వెనకాలే వెళ్ళాను, కావాలంటే నన్ను కొట్టమని చెప్పడానికి.

"మొదట్లో కావాలనే నెమ్మదిగా ఆడించావు కదూ? వాళ్ళని అలసిపోనివ్వడానికి?" అన్నారు చీఫ్.

అవునంటే చాలు. నేను మనసులో అవునను, అవునను అని అరుస్తున్నాను.

"కాదు సార్. ఎక్కువ తిన్నారు. ఆపాల్సినవాణ్ణి నేను. ఆపలేదు" అన్నాడు శామ్యూల్.

చీఫ్ ఒంగి, కిందపడ్డ కర్ర తీసుకున్నారు. "నేనూ ఎక్కువే తిన్నాను. మొదటి సగం నాకూ సరిగ్గా కనబడలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి చూసి, శామ్యూల్‌తో అన్నారు: "మెక్సికోకి జట్టుని నువ్వే తీసుకెళ్ళు. కానీ అక్కడ వంట మీ మాస్టారు చేయకూడదు."

శామ్యూల్ మోకాళ్ళు వంచాడు. నేను కూడా వంచాను. నావి వెంటనే లేవలేదు.

తిరుగు దారి

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు వంటింట్లో కుక్కర్లు తోముకుంటుంటే శామ్యూల్ వచ్చాడు. మూతలు తుడిచిపెట్టాడు.

"నన్నెందుకు ఆపలేదురా?" అన్నాను. సొంత పిల్లాణ్ణి అడిగినట్టే నోటికి వచ్చేసింది, తెలుగులో. అర్థమయ్యేలా మళ్ళీ ఇంగ్లీషులో అడిగాను.

"మీరు వడ్డిస్తున్నారు సార్" అన్నాడు.

ఏం చేయాలో తోచక లడ్డూల డబ్బా తీశాను. ఒక్కటే మిగిలింది. అతని ముందు పట్టాను.

శామ్యూల్ లడ్డూ వైపు చూశాడు. నా వైపు చూశాడు. కిటికీలోంచి కుర్రాళ్ళు కొండ ఎక్కుతూ పరుగెత్తడం కనబడుతోంది. అతనూ వాళ్ళ వెనకాల పరుగెత్తాలి.

"వద్దు సార్" అన్నాడు.

నేను ఎరిగినన్నాళ్ళలో నాతో అతనన్న మొదటి వద్దు అది. నా చెయ్యి మాత్రం అలవాటు చొప్పున ఇంకా ముందుకి వెళ్ళింది, నాలుక మీదికి "ఒక్కటే కదా" వచ్చేసింది. అక్కడ ఆపుకున్నాను. మింగడం కష్టమైంది. బాధ కలిగింది, గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి కలుగుతాయని నాకు తెలియదు. డబ్బా మూత పెట్టేశాను. అతను ఈల నోట్లో పెట్టుకుని కొండ వైపు పరుగెత్తాడు.

ఇది రాసేనాటికి వాళ్ళు మెక్సికోలో ఉన్నారు. అక్కడ ఏం తింటున్నారో నేను అడగలేదు.

నెబ్రాస్కా మధ్యలో నాకు ఆకలేసి డబ్బా తెరిచాను. మర్యాదకి పక్కకి చాపాను.

"నాకొద్దన్నా, నువ్వు తిను" అన్నాడు నర్సింగ్, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, రెండోసారి అడుగుతానని పూర్తి నమ్మకంతో.

మొత్తం నోట్లో వేసుకున్నాను. అయోవా వచ్చేదాకా అతను నాతో మాట్లాడలేదు.